రాజు అప్పు, గోండు అప్పు

హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో చీరల దుకాణాల మధ్య ఒరుసుకుంటూ నడిచేవాళ్లలో చాలామందికి ఇది ఒకప్పుడు అప్పులు పుట్టిన చోటని తెలియదు. 1933లో నిజాంకు తిరిగి దక్కేదాకా దీని పేరు రెసిడెన్సీ బజార్. నిజాం రాజ్యం నడిబొడ్డున ఉన్నా ఇక్కడ నిజాం చట్టం చెల్లేది కాదు. ఇంగ్లీషు రెసిడెంటు అండ చూసుకుని సాహుకార్లు నిబ్బరంగా వడ్డీ వ్యాపారం చేశారు. 1814లో మొదలైన పామర్ కంపెనీ నూటికి పాతిక దాకా వడ్డీకి నిజాం సర్కారుకే అప్పిచ్చింది. సర్కారు పీకల్లోతు మునిగింది. అయినా దాన్ని ఎవరూ మునిగిపోనివ్వలేదు. ఉత్తర సర్కార్లకుగాను ఈస్టిండియా కంపెనీ నిజాంకు ఏటేటా కట్టే పేష్కష్‌ను ఒక్కసారే లెక్కగట్టి, ఆ సొమ్ముతో అప్పు తీర్చారు.

అదే రాజ్యానికి ఉత్తరపు కొసన ఆదిలాబాద్ అడవుల్లో మరో ప్రజ ఉంది. ఒకప్పుడు చాందా కోట నుంచి రాజ్యమేలిన గోండులు, వాళ్లతో పాటు కొలాములు, ప్రధాన్లు, తోటీలు. అడవిని సర్కారు తనదంది, పోడు ఆపమంది. తరాలుగా దున్నిన నేలకు బయటివాళ్లు పట్టాలు తెచ్చుకున్నారు. మా ఊళ్లను మేమే ఏలుకుంటామన్న కొమురం భీంను 1940లో జోడేఘాట్ కొండల మీద కాల్చి చంపారు. గోండులు ఎందుకు తిరగబడ్డారో కనుక్కోమని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో గోండుల మధ్యే కాపురం పెట్టాడు. 1943లో అక్కడ గోండీలో చదువు చెప్పే పంతుళ్ల శిక్షణ మొదలైంది. ఆ దశాబ్దంలో ఆదివాసులకు సుమారు 1,60,000 ఎకరాలకు పట్టాలు అందాయి. ఈ గాథలో వెలుగున్న భాగం ఇంతే.

తర్వాత రోడ్లు పడ్డాయి, వలసలు వచ్చాయి. ఆదివాసుల ప్రాంతాల్లో భూమి బయటివాళ్లకు పోకూడదన్న 1970 నాటి ఒకటవ నంబరు రెగ్యులేషన్ కాగితం మీద ఉండగానే భూములు చేతులు మారాయి. ఆ భూముల గురించి అడగడానికి ఇంద్రవెల్లికి వచ్చినవాళ్ల మీద 1981 ఏప్రిల్ 20న పోలీసులు కాల్పులు జరిపారు. మిగిలిన చెలకల్లో జొన్న తగ్గి పత్తి పెరిగింది. విత్తనం అప్పు, ఎరువు అప్పు. పంట ఇంటికి రాకముందే దాని మీద సాహుకారుకు హక్కు. జొన్న పండని ఏడు గూడెమంతా కలిసి పస్తుండేది, కలిసే ఇప్పపూవు ఏరుకునేది. పత్తి పోయిన ఏడు మాత్రం ఆ బాకీ ఒక్కడి పేరు మీదే ఉంటుంది. ఇన్నేళ్ల పతనంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ ఒంటరితనమే.

1997–98లో వరంగల్ పత్తి రైతుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కుదిపేశాయి. ఆదిలాబాద్ చేలకూ ఆ దుఃఖం పాకింది. ఏ ఒక్క మరణానికీ ఒకే కారణం ఉండదు. అప్పుతో పాటు జబ్బు, తాగుడు, ఇంట్లో కలతలు, నలుగురిలో అవమానం కలగలిసి ఉంటాయి. అయితే లెక్కలోకి వచ్చేది మాత్రం కాగితం ఉన్నవాడే. 2018లో వచ్చిన రైతు బీమా పట్టా ఉన్న రైతు పోతే ఆ ఇంటికి 5 లక్షలిస్తుంది. పట్టా లేని పోడు సాగుదారుకూ కౌలుదారుకూ అందులో చోటు లేదు. ఆడమనిషి పోతే, ఎంత పొలం పని చేసినా, తరచూ గృహిణి అనే రాసేస్తారు.

ఈ దుఃఖం ఒక్క మన ఆదివాసులదే కాదు. గ్రీన్‌లాండ్‌లో, కెనడా మంచు నేలల్లో ఇన్యూట్ యువకుల ఆత్మహత్యలు దశాబ్దాలుగా ఆ దేశాలను కలచివేస్తున్నాయి. ఆ కెనడా నుంచే ఒక ఆశ కూడా దొరికింది. బ్రిటిష్ కొలంబియా ఆదివాసీ సమూహాలను పరిశీలించి చాండ్లర్, లలోండ్ అనే పరిశోధకులు 1998లో ఒక సంగతి బయటపెట్టారు. సొంత భూమి కోసం పోరాడుతూ, బడినీ వైద్యాన్నీ పాలననూ తమ చేతుల్లోకి తెచ్చుకున్న సమూహాల్లో యువకుల ఆత్మహత్యలు బాగా తక్కువ. ఇలాంటివన్నీ ఉన్న చోట, వాళ్లు చూసిన ఆ కొన్నేళ్లలో, ఒక్కటీ లేదు. జోడేఘాట్‌లో భీం అడిగిందీ అదే కదా!

గోండులకు తమ తగవులు తామే తీర్చుకునే రాయ్ సెంటర్లు ఇప్పటికీ ఉన్నాయి. గ్రామసభకు అధికారమిచ్చే పెసా చట్టం 1996లోనే వచ్చింది. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు, ఉన్నవాటికి ప్రాణం పోయాలి. రాష్ట్ర ప్రజారోగ్య సంచాలకుల కార్యాలయం హైదరాబాద్ కోఠీలోనే, పామర్ అప్పులిచ్చిన బజారు పక్కనే ఉంది. ఉట్నూరు, జైనూరు, తిర్యాణి ఆసుపత్రుల్లో గోండీలో, కొలామీలో మనసు విప్పి మాట్లాడగల ఒక్క మనిషినైనా కూర్చోబెట్టమని అక్కడివారిని వేడుకుంటున్నాను. ప్రమాదకరమైన పురుగుమందులను నిషేధించాక శ్రీలంకలో ఆత్మహత్యలు ఎంతగా తగ్గాయో కూడా వారు చూడాలి.

మీ చుట్టుపక్కల ఎవరైనా బతుకు మీద ఆశ వదులుకున్నట్టు మాట్లాడితే కొట్టిపారేయకండి. పక్కన కూర్చుని, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. వాళ్లను ఒంటరిగా వదలకండి. మానసిక సాయం కోసం టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.