ఒళ్లో ఇనుప కడ్డీ

భయాన్ని డబ్బిచ్చి కొనుక్కునేవాళ్లుంటారంటే మా అత్తగారు నమ్మరు. "ఊరికే వచ్చే భయాలు చాలవుటమ్మా?" అంటారావిడ. కానీ రోలర్ కోస్టర్ చరిత్ర చూస్తే, మనుషులు రెండువందల ఏళ్లకు పైగా ఆడుతున్న బేరం అదే. భయం కావాలి, ప్రమాదం మాత్రం వద్దు! ఈ బేరం కుదిర్చినవి ఎత్తూ వేగమూ కావంటాను నేను. ఒళ్లో వాలే ఇనుప కడ్డీ ఒకటి, గేటు ముందు నిలబడ్డ క్యూ ఒకటి.

దీని పుట్టిల్లు రష్యా. పద్దెనిమిదో శతాబ్దంలో సెయింట్ పీటర్స్‌బర్గ్ చుట్టుపక్కల చెక్కలతో గుట్టలు కట్టి, నీళ్లు పోసి గడ్డకట్టించి, జర్రున జారేవాళ్లు. కేథరిన్ మహారాణి అయితే వేసవిలో కూడా సరదా మానకుండా, ఒరానియన్‌బామ్‌లో చక్రాల బళ్లతో జారుడుగుట్ట కట్టించుకుంది. 1817లో ఈ ఆట పారిస్ చేరింది. అక్కడ బండి దారి తప్పకుండా ఇరుసుల కొసల్ని గాడిలో ఇమిడ్చారు. తమాషా ఏమిటంటే, ఫ్రెంచివాళ్లు దీన్ని 'రష్యా కొండలు' అంటారు, రష్యావాళ్లేమో 'అమెరికా కొండలు' అంటారు. అల్లరి పిల్లాణ్ణి నీ కొడుకంటే నీ కొడుకని మొగుడూ పెళ్లాం అనుకున్నట్టు!

1884లో న్యూయార్కు పక్కన కోనీ ఐలండ్‌లో థాంప్సన్ అనే ఆయన రైడు పెట్టాడు. అంతకుముందు మేజోళ్ల వ్యాపారి. టిక్కెట్టు 5 సెంట్లు, వేగం గంటకు 6 మైళ్లు. సైకిలు రిక్షా పాటి వేగం! చివర జనం దిగితే, పనివాళ్లు బండిని రెండో పట్టాల మీదికి మార్చేవారు. అందరూ మళ్లీ ఎక్కి వెనక్కి రావాలి.

ఆ తర్వాత మనిషిని తలకిందులు చేయాలన్న ఆశ పుట్టింది. నీళ్ల చెంబును గిరగిరా తిప్పితే నీళ్లు ఒలకవు కదా, సూత్రం అదే. 1895లో అక్కడే 25 అడుగుల అడ్డుకొలతతో గుండ్రని చుట్టు కట్టారు. చక్కని గుండ్రమే కొంప ముంచింది. బండి చుట్టులోకి దూరగానే మనిషి మీద పన్నెండింతల బరువు పడేదట. అరవై కిలోల ఇల్లాలు ఆ క్షణంలో 720 కిలోలన్నమాట! మెడలు పట్టేసి జనం దణ్ణం పెట్టేశారు.

1901లో ప్రెస్కాట్ అనే ఆయన చుట్టును కోడిగుడ్డులా సాగదీశాడు. మెడలు బతికాయి, వ్యాపారం బతకలేదు. బండికి నలుగురే. వందమంది పంక్తిలో కూర్చుంటే ఒక్క పెనం మీద అట్లు పోసినట్టు! ఎక్కినవాళ్లకంటే డబ్బిచ్చి చూసినవాళ్లే ఎక్కువట. 1910లో అదీ మూతపడింది.

ఈలోగా అసలు పని నిశ్శబ్దంగా జరిగింది. 1907లో కోనీ ఐలండ్‌లోనే ఒక రైడులో ఒళ్లో కడ్డీ వచ్చింది. బండి గుట్ట ఎక్కేటప్పుడు టకటకా మోగుతుందే, అది వెనక్కి జారకుండా పట్టే కొక్కెం చప్పుడు. దానికి 1910లో పేటెంటు పొందినవాడు జాన్ మిల్లర్. పట్టా కింద కూడా చక్రం పెట్టి, బండి పైకి లేవకుండా చేసిందీ ఆయనే, 1919లో.

బండి లేవదు సరే, మనిషి సంగతి? వేగంగా చుట్టు తిరిగేటప్పుడు మనిషి సీటుకి అదుముకునే ఉంటాడు. గుట్ట దాటి దిగేటప్పుడే సీటులోంచి లేస్తాడు. కడ్డీ పని అక్కడ. ఇద్దరికీ కలిపి ఒకటే కడ్డీ ఉంటే, అది పెద్దవాళ్ల తొడల దగ్గరే ఆగిపోతుంది, పక్కనున్న పసివాడికి వదులు. అందుకే ఎవరి కడ్డీ వాళ్లకు వచ్చింది.

క్యూ సంగతి 1959లో డిస్నీలాండ్‌లో తేలింది. దారిని భాగాలు చేసి, ముందు బండి ఒక భాగం దాటితేగానీ వెనక బండిని అందులోకి వదలరు. మన రైలు సిగ్నళ్ల పద్ధతే. దాంతో ఒకే దారిలో ఎన్నో బళ్లు! 1975లో కాలిఫోర్నియాలో ఒక రైడు ట్రిప్పుకి 24 మందిని తలకిందులు చేసింది. మరుసటేడు అక్కడే నిలువు చుట్టూ తిరిగొచ్చింది, ఈసారి తిరగేసిన నీటిబొట్టు ఆకారంలో. బండి మెల్లగా వంపు తిరిగేసరికి మెడకు హాయి.

ఇప్పుడు మన లెక్క చూడండి. 24 సీట్ల బండి తొంభై సెకన్లకొకటి కదిలితే గంటకు 960 మంది. హ్యాండ్‌బ్యాగులూ చెప్పులూ సర్దుకుంటూ రెండు నిమిషాలు చేస్తే 720. అంటే 240 మంది ఎండలో నిలబడ్డట్టే! ఈ తొందరలో కూడా కుర్రాడు ప్రతి కడ్డీనీ లాగి చూడాలి. అరక్షణం మిగుల్చుకుందామని ఒక్కటి వదిలేస్తే, ఈ చరిత్రంతా వృథా.

గేటు దగ్గర ఎత్తు కొలిచే కర్ర ఉంటుంది. "ఒక్క అంగుళమేగా బాబూ, వెళ్లనివ్వూ" అని బతిమాలే తల్లులున్నారు. ఆ అంగుళం కుర్రాడి పెత్తనం కాదమ్మా, కడ్డీ కొలత. పిల్లాడు ఏడిస్తే ఏడవనివ్వండి. వచ్చే ఏడాదికి ఎదుగుతాడు.