అప్పులు – అమెరికాలో సెక్యూరిటీ క్లియరెన్స్ అర్హత

ప్రభుత్వ రహస్య సమాచారాన్ని చూసేందుకు ఉద్యోగికి గాని, కాంట్రాక్టరుకు గాని ఇచ్చే అధికారిక అర్హతను సెక్యూరిటీ క్లియరెన్స్ అంటారు. అమెరికాలో ఈ అర్హతను నిర్ణయించేటప్పుడు దరఖాస్తుదారుని అప్పులను కూడా పరిశీలిస్తారు. సొంత అప్పులకూ దేశ భద్రతకూ ఏమిటి సంబంధం? ఈ భాగంలో తెలుసుకుందాం.

1947లో అధ్యక్షుడు ట్రూమన్ ప్రవేశపెట్టిన తనిఖీలు ప్రధానంగా ఉద్యోగుల రాజకీయ విధేయతకు సంబంధించినవి. 1953లో ఐసెన్‌హోవర్ జారీ చేసిన 10450వ కార్యనిర్వాహక ఉత్తర్వు ఈ పరిధిని విస్తరించింది. నడవడిక, విశ్వసనీయత, ఇతరుల ఒత్తిడికి లొంగే అవకాశం కూడా పరిశీలనాంశాలయ్యాయి.

తరువాత బయటపడిన గూఢచర్య కేసులు కొన్నింటిలో సిద్ధాంతం కంటే డబ్బు అవసరమే ప్రధానంగా కనిపిస్తుంది. 1960ల చివర, తన బారు నష్టాల్లో ఉండగా, నౌకాదళ ఉద్యోగి జాన్ వాకర్ సోవియట్ రాయబార కార్యాలయాన్ని ఆశ్రయించాడు. 1985లో గాని అతడు పట్టుబడలేదు. అదే ఏడాది సి.ఐ.ఏ. అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ విడాకుల ఖర్చుతో, అప్పులతో సతమతమవుతూ 50,000 డాలర్లకు రహస్యాలు అమ్మాడు. 1989 నాటికి అతని పరిస్థితి తలకిందులైంది. ఏటా 70,000 డాలర్లు దాటని జీతంతో 5,40,000 డాలర్ల ఇంటిని రొక్కమిచ్చి కొన్నాడు. అయినా 1994 వరకు అతణ్ణి అరెస్టు చేయలేదు.

ఈ కేసు తరువాత 1995లో క్లింటన్ జారీ చేసిన 12968వ ఉత్తర్వు, కీలక పదవుల్లో ఉన్నవారు ఆర్థిక వివరాలు వెల్లడించాలని నిర్దేశించింది. 2017 నుంచి అమల్లో ఉన్న 13 మార్గదర్శకాలలో ఆరవది ఆర్థిక విషయాలకు చెందినది. తీర్చని అప్పులతోపాటు లెక్క తెలియని సంపద కూడా దీని కింద అనుమానాంశమే.

అయితే అప్పు ఉన్నంత మాత్రాన అర్హత పోదు. ఉద్యోగం పోవడం, అనారోగ్యం, విడాకులు వంటి చేతిలో లేని కారణాల వల్ల అప్పు పడ్డాడా, ఆ పరిస్థితిలో బాధ్యతగా నడుచుకున్నాడా, చిత్తశుద్ధితో వాయిదాలు కడుతున్నాడా అని చూస్తారు. స్తోమత ఉండీ ఎగవేసినా, దరఖాస్తులో కావాలని దాచినా అది అతనికి ప్రతికూలమవుతుంది. దాచిపెట్టడం నిజాయితీకి సంబంధించిన మరో మార్గదర్శకం కిందకు కూడా వస్తుంది.

దీన్నిబట్టి, పరిశీలకులు చూసేది అప్పు మొత్తాన్ని మాత్రమే కాదని, అప్పు పడ్డ మనిషి నడవడికనని గ్రహించవచ్చు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: అప్పులతోపాటు లెక్క తెలియని సంపదను కూడా ఎందుకు పరిశీలిస్తారు? ఏమ్స్ ఉదంతం ఆధారంగా వివరించండి.