ఎనిమిది పైసల పఠన మందిరం

జగిత్యాలలోనో కోరుట్లలోనో సిరిసిల్లలోనో ఇంటి పన్ను కట్టినవాళ్లు ఆ కాగితాన్ని చివరిదాకా చదివితే, కింది వరుసల్లో ఓ చిన్న అంకె కనబడుతుంది. గ్రంథాలయ పన్ను. రూపాయి ఇంటి పన్నుకు ఎనిమిది పైసలు. రెండు వేలు కట్టే ఇంటికి నూట అరవై రూపాయలు. గ్రంథాలయం గడప ఒక్కనాడూ తొక్కనివాళ్లు సైతం ఏటా దానికి చందా ఇస్తూనే ఉన్నారన్నమాట. వసూలు చేసేది మున్సిపాలిటీ లేదా పంచాయతీ, ఖర్చు పెట్టాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థ. ఆ చేతి నుంచి ఈ చేతికి సొమ్ము వేళకు అందదన్నది ఏ జిల్లాకు పోయినా వినిపించే పాత ఫిర్యాదే.

1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ఈ ఏర్పాటుకు పునాది. అంతకుముందు ఆంధ్ర ప్రాంతంలో 1948 మద్రాసు చట్టం, తెలంగాణలో 1955 హైదరాబాద్ చట్టం ఉండేవి. అంతకు ఒక తరం వెనక్కి పోతే మాత్రం కథ పూర్తిగా వేరు. సర్కారు పైసలిస్తుందని అప్పుడు ఎవరూ ఎదురుచూడలేదు, అడ్డు రాకుంటే అదే పదివేలు.

నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ, బడి భాషా ఉర్దూయే. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధిని థియేటర్‌లో సంఘ సంస్కార సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లిష్ ఉపన్యాసాలను నిమ్మళంగా విన్న సభ, వకీలు ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మొదలుపెట్టగానే గోల చేసింది. ఆ అవమానంలోంచి పుట్టిన ఆంధ్ర జనసంఘం తలకెత్తుకున్న పనుల్లో గ్రంథాలయాలు పెట్టడం ఒకటి. దారి అప్పటికే పడి ఉంది: హైదరాబాద్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, హనుమకొండలో 1904 నాటి రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం. పేర్లు చూడండి. రాజుల పేర్లు తగిలించినా, ‘పుస్తకాల నిలయం’ అనలేదు, ‘భాషా నిలయం’ అన్నారు. బడిలో చోటు దొరకని భాషకు ఒక ఇల్లు కట్టిపెట్టారు.

ఆ ఇంటి మీద సర్కారు కన్ను పడకుండా ఉంటుందా? 1929లో వచ్చిన గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు ప్రకారం సభ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. పుస్తకాలు చదువుకునేందుకు నలుగురు ఒకచోట చేరినా అనుమానమే. ఆ జనసంఘమే ఎదిగి జరిపిన ఆంధ్ర మహాసభలు 1930లో జోగిపేటలో, 1931లో దేవరకొండలో జరిగి, మధ్యలో ఆగి, మళ్లీ 1934లో ఖమ్మంలో మొదలయ్యాయి. నాలుగోది 1935లో సిరిసిల్లలో. అధ్యక్షత వహించిన మాడపాటి హనుమంతరావు అప్పటికే హైదరాబాద్‌లో తెలుగు ఆడపిల్లల కోసం ఉన్నత పాఠశాల పెట్టిన మనిషి. నూటికి తొంభై మందికి పైగా అక్షరం రాని రోజులు కనుక, ఊళ్లో పఠన మందిరం అంటే తలొక పుస్తకం పట్టుకుని మౌనంగా కూర్చునే చోటని అనుకోవద్దు. చదువొచ్చినవాడు పత్రిక చదివితే చుట్టూ ఉన్నవాళ్లు విని లోకం తెలుసుకునే కాలమది.

సిరిసిల్లలో ఆ సభ జరిగిననాటికి, దగ్గరలోని హనుమాజీపేటలో ఒక పిల్లవాడికి నాలుగేళ్లు. సిరిసిల్లలో, కరీంనగర్‌లో ఉర్దూ మాధ్యమంలోనే చదివి, ఇంటర్మీడియట్ కోసం హైదరాబాద్ చేరాడు. అక్కడా ఉర్దూయే. ఆధునిక తెలుగు సాహిత్యం అతనికి దొరికింది కాలేజీలో కాదు, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలో. ‘విశ్వంభర’కు 1988 జ్ఞానపీఠ పురస్కారం అందుకున్న సి. నారాయణరెడ్డి అతనే. గ్రంథాలయం వల్ల ఏం ఒరుగుతుందని అడిగేవాళ్లకు ఈ ఒక్క పేరు చెబితే చాలుననిపిస్తుంది. కానీ అలా చెప్పడం కొంత మోసమే. జ్ఞానపీఠం అందుకోని వేలమంది అదే బల్ల దగ్గర కూర్చున్నారు, వాళ్ల లెక్క ఎవరూ రాయలేదు.

పుస్తకం దగ్గరికి మనిషి రాలేకపోతే? ఈ ప్రశ్నకు ఒక్కో ప్రాంతం ఒక్కో జవాబు వెతుక్కుంది. సిరిసిల్ల సభ జరిగిన 1935లోనే కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం చొరవతో గ్రంథాలయం పడవెక్కి కాలువ గట్టు ఊళ్లకు వెళ్లింది. తెలంగాణ మెట్ట ఊళ్లలో పడవ ఎక్కడిది? ఇక్కడ ఆ పని మనిషి కాళ్లే చేశాయి. ఇళ్లలో వంట చేస్తూ చదువు నేర్చుకున్న వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, అచ్చువేసిన పుస్తకాలను ఊరూరా తానే మోసుకెళ్లి అమ్మాడు.

ఇక మూడో జవాబు చాలా దూరం నుంచి. అయినా కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వాడలకు అది దగ్గరి చుట్టమే. క్యూబాలో హవానా నగరపు చుట్టల కార్ఖానాల్లో 1865 నుంచి ఒక కొలువుండేది. పనివాళ్లు వరసగా కూర్చుని పొగాకు చుడుతుంటే, ఎత్తు పీట మీద ఒకాయన పొద్దున పత్రికలు, ఆ తర్వాత నవలలు గొంతెత్తి చదివేవాడు. జీతం పనివాళ్లే తలా కొంత వేసుకుని ఇచ్చేవాళ్లు, ఏ నవల చదవాలో వాళ్లే తేల్చేవాళ్లు. అలెగ్జాండర్ డ్యూమా నవల వాళ్లకు ఎంత నచ్చిందంటే ‘మాంటెక్రిస్టో’ అన్న చుట్టల పేరు అక్కడి నుంచే వచ్చిందంటారు. ఆ చుట్టలు బజారుకొచ్చిందీ, తమాషాగా, 1935లోనే. కేరళలోని కణ్ణూరు బీడీ కంపెనీల్లోనూ ఇదే రివాజు. అందరూ బీడీలు చుడుతుంటే ఒకరు పత్రిక చదివేవారు, చదివేవారి వాటా బీడీలు మిగతావాళ్లు చుట్టి ఇచ్చేవారు.

మన దగ్గరా బీడీలున్నాయి, చుట్టే చేతులు వేలల్లో ఉన్నాయి. లేనిది కూడలి. కణ్ణూరులో కంపెనీ కప్పు కింద సాగిన పని ఇక్కడ ఇళ్లలోకి వెళ్లింది. తునికాకు, తంబాకు తెచ్చుకుని, ఒళ్లో చాట పెట్టుకుని, ఎవరి అరుగు మీద వాళ్లు చుడతారు. చుట్టేది దాదాపు అందరూ ఆడవాళ్లే. చేతులు రెండూ పనిలో ఉంటాయి, చెవులు ఖాళీ. ఆ చెవుల్ని మొదట రేడియో, తర్వాత టీవీ, ఇప్పుడు ఫోన్ పట్టుకున్నాయి. గ్రంథాలయం మాత్రం ఆ అరుగు దాకా రాలేదు.

మరి ఈనాటి చిన్న గ్రంథాలయంలో ఏం జరుగుతోంది? పొద్దున పత్రికలు వస్తాయి. పింఛనుదారులు వస్తారు, ఎవరి పత్రిక వాళ్లకుంటుంది, ముందు వచ్చినవాడు పేజీలు విడదీస్తే పెద్దమనుషుల మధ్య చిన్న తగాదా. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. 1968లో భారత గ్రంథాలయ సంఘం మొదలుపెట్టిన ఈ వారం రోజులూ వ్యాసరచన, చిత్రలేఖనం, ముగ్గుల పోటీలతో బడిపిల్లల సందడి ఉంటుంది. ఇరవై ఒకటో తారీఖున మళ్లీ పాత నిశ్శబ్దం. వారోత్సవాన్ని కొంత తగ్గించి, ఆ ఉత్సాహాన్ని పన్నెండు నెలలకూ పంచితే బాగుంటుంది. అయితే చాలాచోట్ల తలుపు తీసేదీ, పుస్తకం ఇచ్చేదీ, రిజిస్టరు రాసేదీ ఒకే మనిషి. ఆ మనిషి మీద కార్యక్రమాల భారం కూడా మోపడం తేలికే, మోసేవాళ్లకు తెలుస్తుంది.

అసలు మార్పు తెచ్చింది ఉద్యోగ ప్రకటనలు. 2022 మార్చి 9న శాసనసభలో 80,039 సర్కారు కొలువుల భర్తీ ప్రకటన వెలువడ్డాక రాష్ట్రమంతటా గ్రంథాలయాల్లో కుర్చీ దొరకడం గగనమైంది. కొండగట్టు అంజన్నకు మొక్కుకుని ముడుపు కట్టే పిల్లలే పొద్దంతా ఇక్కడ తలవంచుకు కూర్చున్నారు. వాళ్ల పుస్తకాలు వాళ్లవే. గ్రంథాలయం నుంచి కావలసింది కుర్చీ, ఫ్యాను, నిశ్శబ్దం, తాగే నీళ్లు. అల్మరాల్లోని నవలలను పట్టించుకోరని సణిగేవాళ్లున్నారు. ఆ సణుగుడు న్యాయం కాదు. ఒంటి గది ఇంట్లో అయిదుగురి మధ్య చదువుకునే పిల్లకు ఖాళీ కుర్చీ ఇవ్వడం పుస్తకం ఇవ్వడం కన్నా తక్కువ సేవేమీ కాదు.

చిక్కల్లా వేళలతోనే. శాఖా గ్రంథాలయాలు చాలావరకు పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు గంటల దాకా తెరుస్తారు. శుక్రవారం సెలవు. పింఛనుదారుకు ఇది సరిపోతుంది. సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్మికుడిది పన్నెండు గంటల షిఫ్టు, నాలుగైదు సాంచెల మధ్య తిరుగుతూ నిలబడే చేసే పని. గ్రంథాలయం తలుపు తీసే వేళకు అతను లోపలికి పోతాడు. చెవుల్లో సాంచెల చప్పుడు మోగుతుండగా బయటికొచ్చే వేళకు ఇక్కడ తాళం పడుతుంటుంది. అతని కిరాయి ఇంటి పన్నులోనూ ఆ ఎనిమిది పైసలు ఉన్నాయి.