వినికిడి సహాయక సాధనాలు

వినికిడి లోపం ఉన్నవారికి మాట స్పష్టంగా అందేందుకు తోడ్పడే పరికరాలను వినికిడి సహాయక సాధనాలు అంటారు. వాడుకలో చెవిటి మిషన్ అనే వినికిడి యంత్రం, సభల్లో వక్త గొంతును నేరుగా ఆ యంత్రానికి చేర్చే లూప్ వ్యవస్థ, శస్త్రచికిత్సతో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ వీటిలో ముఖ్యమైనవి. శబ్దాన్ని పెద్దది చేయడం త్వరగానే సాధ్యమైంది. దూరం, చుట్టూ ఉండే రొద తెచ్చే చిక్కులకు వేరే ఉపాయాలు వెతకాల్సి వచ్చింది.

చెవి బాకాలు

17వ శతాబ్దం నాటికే ఐరోపాలో చెవి బాకాలు వాడేవారు. వెడల్పాటి మూతి పోగుచేసిన శబ్దం సన్నని గొట్టం గుండా చెవిలోకి వెళ్లేది. సంగీతకర్త బీథోవెన్ కోసం యోహాన్ మెల్జెల్ చేసిన బాకాలు జర్మనీలోని బాన్ నగరంలో ఇప్పటికీ ఉన్నాయి. లండన్‌లో ఎఫ్.సి. రెయిన్ సంస్థ వీటిని వ్యాపారస్థాయిలో తయారుచేసింది. 1819లో పోర్చుగల్ రాజు ఆరవ జాన్ కోసం అది ఒక సింహాసనం చేసిచ్చింది. చేతులు ఆనించే చోట చెక్కిన సింహాల నోళ్ల ముందు మాట్లాడితే, ఆ మాట లోపలి గొట్టం గుండా రాజు చెవికి చేరేది.

విద్యుత్ యంత్రాలు

1876లో పుట్టిన టెలిఫోనే విద్యుత్ వినికిడి యంత్రానికి మూలం. టెలిఫోన్‌లో వాడే కార్బన్ మైక్రోఫోన్‌తో అమెరికాకు చెందిన మిల్లర్ రీస్ హచిసన్ 1898లో అకూఫోన్‌ను తయారుచేశారు. ఆ తర్వాత ఆయనే తెచ్చిన అకూస్టికాన్ యంత్రాన్ని బ్రిటన్ రాణి అలెగ్జాండ్రా వాడారు. 1920 దశకంలో వాక్యూమ్ ట్యూబులు రావడంతో శబ్దాన్ని మరింత పెంచగలిగారు గానీ, బ్యాటరీల బరువు తగ్గలేదు. 1948లో బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ మెడ్రెస్కో అనే యంత్రాలను ఉచితంగా పంచడం మొదలుపెట్టింది.

1952 చివర్లో వచ్చిన సోనోటోన్ 1010 యంత్రంలో రెండు ట్యూబులతో పాటు ఒక ట్రాన్సిస్టర్ ఉంది. మార్కెట్లోకి వచ్చిన తొలి ట్రాన్సిస్టర్ వస్తువు ఇదేనంటారు. ట్రాన్సిస్టర్ల రాకతో బ్యాటరీ ఖర్చు తగ్గి, యంత్రం క్రమంగా చొక్కా జేబులోంచి చెవి వెనక్కి చేరింది. 1996లో డెన్మార్క్ సంస్థలు వైడెక్స్, ఓటికాన్ పూర్తి డిజిటల్ యంత్రాలను తెచ్చాయి. అప్పటినుంచి ఏ స్థాయి శబ్దం వినపడడం లేదో దాన్నే ఎంచి పెంచడం, రొదను కొంత తగ్గించడం సులువైంది.

దూరం, రొద

యంత్రం మైకు తన దగ్గరున్న శబ్దాలన్నిటినీ పట్టుకుంటుంది. అందువల్ల పెద్ద హాలులో వేదికపై మాట ఫ్యాన్ల చప్పుడులో కలిసిపోతుంది. దీనికి పరిష్కారం ఇండక్షన్ లూప్. 1937లో బ్రిటన్‌లో జోసెఫ్ పొలియాకాఫ్ దీనికి పేటెంట్ తీసుకున్నారు. హాలు చుట్టూ పరచిన తీగలో ఆంప్లిఫయర్ పంపే విద్యుత్తు అయస్కాంత క్షేత్రాన్ని కలిగిస్తుంది. వినికిడి యంత్రంలోని టెలికాయిల్ అనే చిన్న తీగచుట్ట దాన్ని అందుకుంటే, యంత్రం మళ్లీ శబ్దంగా మారుస్తుంది. మైకులో పలికిన మాట తప్ప హాలులోని చప్పుడు చెవికి పెద్దగా చేరదు. తరగతి గదుల్లో టీచరు మెడలో వేసుకునే మైకు నుంచి పిల్లల యంత్రాలకు మాట పంపే ఎఫ్.ఎం. వ్యవస్థలు తర్వాత వచ్చాయి. బ్లూటూత్ ఆధారంగా ఇలాంటి ప్రసారం చేసే ఔరాకాస్ట్ 2022లో వెలువడింది.

కాక్లియర్ ఇంప్లాంట్

లోపలి చెవి బాగా దెబ్బతిన్నవారికి శబ్దం ఎంత పెంచినా ప్రయోజనం ఉండదు. 1957లో పారిస్‌లో జూర్నో, ఎయిరియెస్ శ్రవణనాడిని నేరుగా విద్యుత్తుతో ప్రేరేపించారు. 1961లో అమెరికాలో విలియం హౌస్ రోగులకు ఇంప్లాంట్ అమర్చారు. 1978లో మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ పలు ఎలక్ట్రోడ్‌ల ఇంప్లాంట్‌ను అమర్చడంతో మాటలను గుర్తించడం మెరుగుపడింది. పుట్టు చెవుడు ఉన్న పిల్లలకు దీన్ని చిన్న వయసులోనే అమర్చి, ఆ తర్వాత మాట శిక్షణ ఇవ్వాలి.

భారతదేశంలో

మైసూరులోని అఖిల భారత వాక్, శ్రవణ సంస్థ 1965లో ఏర్పడింది. వినికిడి లోపం ఉన్నవారి కోసం 1983లో ముంబైలో నెలకొన్న జాతీయ సంస్థకు హైదరాబాదులో పుట్టిన అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో ఉంది. 1981 నుంచి అమలవుతున్న కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద అర్హులకు వినికిడి యంత్రాలు ఇస్తున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం చిన్నపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్సను ఉచితంగా అందించింది.