తప్పిదమునకు ముందు

శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానపు పల్లెలనుండి బ్రతుకుతెరువునకై దూరప్రాంతములకు బోవువారికి పలాస స్టేషనే తొలి వాకిలి. టెక్కలివారికి నౌపడ కూడలి. రైలెక్కినవారి ప్రాణములు దానిని నడుపువాని యప్రమత్తతపై నాధారపడియున్నవని యెల్లరు నెఱుగుదురు గాని, ఆ యప్రమత్తత దేనిపై నాధారపడునో విచారించువారు తక్కువ. బ్రిటనులో రైల్వే భద్రతను నియంత్రించు శాఖయందు, పనివాని దృష్టి, శ్రద్ధ, అలసట, జ్ఞాపకశక్తి యనువానిని పరిశీలించుటయే వృత్తిగా గల నేను, అట్టి విచారణ ఆ దేశమున నెట్లు వేరూనెనో మా ప్రాంతమువారికి విన్నవింపదలచితిని.

1830 సెప్టెంబరు 15న లివర్‌పూల్–మాంచెస్టరు మార్గము ప్రారంభమైన నాడే హస్కిసన్ అను పార్లమెంటు సభ్యుడు ఇంజనుక్రింద బడి మరణించెను. 1840 చట్టముచే ప్రభుత్వము రైల్వే ఇన్స్పెక్టర్లను నియమించెను. సైనిక ఇంజనీర్లయిన వారికి కంపెనీలను శాసించు నధికారము ఆదిలో స్వల్పమే. ప్రమాదకారణములను నిర్భయముగ వ్రాసి లోకమునకు బ్రకటించుటయే వారి బలము. 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా చెంత, బడిపిల్లల విహారయాత్రకై బయలుదేరిన రైలు ఎత్తు నెక్కలేక నిలువగా, విడదీసిన వెనుక పెట్టెలు పల్లమునకు జాఱి మఱొక రైలును ఢీకొని 80 మంది మరణించిరి. ఇన్స్పెక్టర్లు ఏండ్ల తరబడి కోరుచుండిన, పెట్టెలు విడిపోయినను తమంతట పడు బ్రేకులను ఆ సంవత్సరముననే పార్లమెంటు నిర్బంధము గావించెను.

యంత్రము చక్కబడిన పిదప మనుష్యుని వంతు వచ్చినది. 1988 డిసెంబరు 12న లండనులోని క్లాఫం కూడలియొద్ద రైళ్లు ఢీకొని 35 మంది మరణించిరి. పనివాడొకడు కత్తిరింపక విడిచిన పాత తీగె మరల తగులుకొని సిగ్నలును తప్పుగా వెలిగించినది. విచారణకర్త ఆంటొనీ హిడెన్ అంతటితో నాగక, ఆ పనివాడు 13 వారములలో ఒక్క దినమే విశ్రమించెననియు, అతని పనిని మఱియొకరు సరిచూడలేదనియు వెల్లడించెను. 1999 అక్టోబరు 5న లండనులోని లాడ్‌బ్రోక్ గ్రోవ్‌లో, ఎఱ్ఱ సిగ్నలును రైలు దాటుటచే 31 మందిని బలిగొన్న ప్రమాదమునకు ముందు, అదే సిగ్నలు ఎఱ్ఱగా నుండగా ఆఱేండ్లలో 8 పర్యాయములు రైళ్లు దాటియుండెను. అన్నిమారులును డ్రైవర్లదే దోషమగునా? ఆ సిగ్నలు తగినట్లు కనబడుట లేదని లార్డ్ కల్లెన్ విచారణలో దేలెను. సిగ్నలు ఎంతసేపు కంటబడును, రాత్రి డ్యూటీ పిదప విశ్రాంతి యెంత యని నేడు నేనడుగు ప్రశ్నలు ఆ మృతులు మిగిల్చిన ఋణములే.

మా పలాసలో జీడిపిక్కలు కొట్టుచు జీడిరసము తగిలి చేయి పొక్కిన కూలిని దూషించుటకు ముందు, ఆమెకు చేతితొడుగు లిచ్చిరా, ఎన్ని గంటలు కూర్చుండబెట్టిరి యని యడుగుట న్యాయము గదా! రైలు నడుపువానికిని ఆ న్యాయమే వర్తింపవలెను. 2023 అక్టోబరు 29 రాత్రి, విశాఖనుండి పలాసకు వచ్చుచుండిన పాసింజరును కంటకాపల్లి చెంత రాయగడ పాసింజరు వెనుకనుండి ఢీకొనగా 14 మంది మరణించిరి. చెడిన సిగ్నళ్లను నియమము పాటింపక దాటిరని, ఆ ప్రమాదముననే అసువులు బాసిన రాయగడ రైలు డ్రైవరులను ప్రాథమిక విచారణ తప్పుపట్టెను. నియమభంగము సత్యమే యైనను, ఆ సిగ్నళ్లు ఎంతకాలమునుండి చెడియుండెను, ఆ నియమము వారికెట్లు అభ్యసింపజేయబడెను అను ప్రశ్నలు మిగిలియే యుండును. మన దేశమునను రైల్వే భద్రతా కమిషనర్లు రైల్వేబోర్డునకు లోబడక పౌరవిమానయాన శాఖ క్రింద నుందురు. ఆ స్వాతంత్ర్యము ఫలించుటకు, వారి నివేదికలు పూర్తిగా, తెలుగుననే, పలాసలో రైలెక్కు ప్రతివానికిని అందవలెనని మనము పట్టుబట్టవలయును.