సభ కంటే ముందు పుట్టిన బల్దియా: పాతబస్తీలో రోజువారీ నిర్ణయాల నడక

చార్మినార్‌కు కూతవేటు దూరంలో సర్దార్ మహల్ ఉంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1900లో యూరప్ తరహాలో కట్టించిన మేడ అది. ఎవరి కోసం కట్టించాడో ఆ సర్దార్ బేగంకు మేడ నచ్చలేదు, ఆమె అందులో ఉండనే లేదు. పేరు మాత్రం మిగిలిపోయింది. 1965లో ఆ మేడ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ చేతికి వచ్చింది. డబ్బు పోసి కొన్నది కాదు, ఎవరూ దానంగా రాసిచ్చిందీ కాదు. ఆస్తిపన్ను బకాయి పడింది కాబట్టి స్వాధీనం చేసుకున్నారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు పాతబస్తీ జనం బల్దియా (నగరపాలక సంస్థ) పనుల కోసం ఆ మెట్లే ఎక్కారు. బేగం కాపురం చేయని గదుల్లో పన్ను రిజిస్టర్లు కాపురం పెట్టాయి.

నగర చరిత్ర చెప్పేవాళ్లు ఈ సంగతిని ఒక చమత్కారంలా చెప్పి ముందుకు పోతారు. నాకు మాత్రం పాతబస్తీలో పురపాలన ఎలా నడిచిందో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి తలుపు దొరకలేదు. అప్పటికి పోలీసు చర్య జరిగి పదిహేడేళ్లు గడిచాయి. రాజప్రాసాదం కూడా చివరికి పన్ను రిజిస్టరులో ఒక పద్దుగా మారింది. శిలాఫలకం వేయలేదు, సభలో ఉపన్యాసాలు దంచలేదు. బకాయి, తాఖీదు, గడువు, స్వాధీనం: మామూలు గుమాస్తా దారిలోనే పని జరిగిపోయింది. నగరపాలక సంస్థ అసలు బలం ఇలాంటి మామూలు పనుల్లోనే ఉంటుందన్నది ఈ వ్యాసం పట్టుకున్న మొదటి మాట. ఆ మామూలు పనుల మీద ఎన్నికైన సభకు ఎంత పట్టు ఉంది అన్నది రెండో మాట. చిక్కంతా రెండో దానిలోనే ఉంది.

హైదరాబాద్‌లో బల్దియా ముందు పుట్టింది, సభ చాలా ఆలస్యంగా వచ్చింది. 1869లో మొదటి సాలార్‌జంగ్ హయాంలో నగరానికి పురపాలన ఏర్పాటైంది. మూసీకి ఈవల ఉన్న నగరాన్ని నాలుగు భాగాలుగా, ఆవల చాదర్‌ఘాట్ శివార్లను ఐదు భాగాలుగా విడదీశారు. మొదట ఈ వ్యవహారం చూసిన అధికారి పేరు కొత్వాల్-ఎ-బల్దియా. శాంతిభద్రతలు, పారిశుద్ధ్యం ఒకే చేతిలో ఉండేవన్నమాట. ఆ ఏడే మున్సిపల్, రోడ్ల శాఖ ఏర్పడి కమిషనర్ వచ్చాడు. 1886లో చాదర్‌ఘాట్ విడిపోయి వేరే మున్సిపాలిటీ అయింది, 1933లో మళ్లీ నగరంలో కలిసింది. చట్టబద్ధమైన కార్పొరేషన్ ఏర్పడింది అప్పుడే. తొలి ఎన్నికలు 1934లో జరిగాయి. అంటే ఓటు అనే మాట వినిపించే నాటికే కార్యాలయానికి అరవై అయిదేళ్లు. ఆఫీసుకు తన నడక, తన భాష, తన అలవాట్లు స్థిరపడ్డాయి. సభ్యులు వచ్చింది అప్పటికే సర్దుకున్న ఇంట్లోకి, చుట్టాల్లాగా.

1951లో మాడపాటి హనుమంతరావు తొలి మేయరయ్యారు. 1957లో ఆ కుర్చీలో కూర్చున్న కృష్ణస్వామి ముదిరాజ్ ‘పిక్టోరియల్ హైదరాబాద్’ గ్రంథకర్త. నగరం గల్లీ గల్లీ తెలిసిన మనిషి. 1960ల్లో రాణి కుముదినీ దేవి, సరోజినీ పుల్లారెడ్డి మేయర్లుగా పనిచేశారు. ఇప్పటి పుస్తకాల్లో ఈ పేర్లకు దక్కే గౌరవం వేరు, చట్టం వాళ్ల చేతికిచ్చిన అధికారం వేరు. 1955 నాటి హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం 1888 నాటి బొంబాయి చట్టం అచ్చులో పోసినది. అందులో పాలనాధికారులు ముగ్గురు: కార్పొరేషన్ సభ, స్టాండింగ్ కమిటీ, కమిషనర్. సభ తీర్మానిస్తుంది, స్టాండింగ్ కమిటీ ఖర్చులు చూసి ఆమోదిస్తుంది, పని చేయించేది కమిషనర్. ఆ కమిషనర్‌ను నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. మేయర్ గంట కొట్టి సభను నడపగలడు, జవానును బదిలీ చేయించాలంటే మాత్రం చిట్టీ రాయాల్సిందే.

ఇక సభ ముందుకు వచ్చే పనులేమిటి? ఎజెండా పుస్తకం తిరగేస్తే పెద్ద మాటలేవీ కనిపించవు. ఫలానా నాలాలో పూడికతీతకు అంచనా, ఫలానా శ్మశానవాటికకు ప్రహరీ, ఒక మార్కెట్ మలగీల అద్దె పొడిగింపు, ఒక వీధికి పేరు, ఒక రోడ్డు వెడల్పు ప్రతిపాదన, అది తగిలే ఆస్తుల జాబితా. చివరి నిమిషంలో చేతికందే ‘టేబుల్ ఐటమ్’లు వీటికి అదనం. సభ్యులు గట్టిగా పట్టించుకునేది వీధి పేర్లని వెటకారం చేసేవాళ్లున్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే పాతబస్తీలో పేరు ఉత్త పేరు కాదు. దర్గా, దేవిడీ, మండీ, బౌలీ ఏది పోయినా పేరు రూపంలోనే బతుకుతుంది. బౌలీ అంటే బావి; హరిబౌలి అన్న మాటలో ఆ బావి ఇంకా ఉంది.

ఈ మామూలు పనుల్లోకెల్లా దగ్గరగా చూడదగ్గది ఇంటి నంబరు. హైదరాబాద్ పాత నంబరులో మూడు అంకెలుంటాయి: వార్డు, బ్లాకు, ఇల్లు. సాలార్‌జంగ్ మ్యూజియం చిరునామా 22-8తో మొదలవుతుంది. దారుల్‌షిఫా ప్రాంతమంతా ఆ 22లోదే. మూడో అంకె తర్వాత అసలు కథ నడుస్తుంది. ఒక దేవిడీ అన్నదమ్ముల మధ్య చీలితే నంబరు పక్కన ఒక గీత పడుతుంది, దాని పక్కన 1. వాటా మళ్లీ చీలితే ఇంకో గీత, ఒక ‘ఏ’. జనం ఆ గీతను ‘బై’ అని చదువుతారు. మూడు బైలు ఉన్న గుమ్మం కనిపించిందంటే కనీసం మూడు పంపకాలో అమ్మకాలో జరిగాయని లెక్క. గుమ్మం పక్కన నీలిరంగు రేకు మీద తెల్ల అంకెలు, వాటి కింద సున్నం మీద బొగ్గుతో రాసిన కొత్త అంకెలు. పాతది కొట్టేయరు, పక్కన చేరుస్తారు. పాతబస్తీ కుటుంబాల చరిత్ర రాయదలచినవాళ్లు ఫర్మానాల కంటే ముందు పన్ను రిజిస్టర్లు తిరగేయాలని నా సలహా. పన్ను కట్టినంత మాత్రాన హక్కు రాదని చట్టం ఎప్పుడూ చెబుతూనే ఉంది. అనుమతి లేని కట్టడానికి కూడా పన్ను వేస్తుంది, పైగా జరిమానాతో. అయినా పత్రాలు పోయిన ఇంట్లో ఆ రసీదునే బీరువాలో భద్రంగా దాచుకుంటారు. జనం దృష్టిలో బల్దియా రసీదంటే సర్కారు తమను చూసిందనడానికి సాక్ష్యం.

పన్ను నగరపాలక సంస్థ సొంత వ్యవహారం అనుకుంటాం. గత పదేళ్ల అనుభవం వేరే చెబుతుంది. 2016 ఎన్నికలకు ముందు, ఏడాదికి 1,200 రూపాయల లోపు ఇంటిపన్ను ఉన్నవాళ్లు 101 రూపాయలు కడితే చాలన్న నిర్ణయం వచ్చింది. అది రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయం; అప్పటికి నగరంలో ఎన్నికైన సభే లేదు. 2020 నవంబరులో, మళ్లీ ఎన్నికల ముంగిట, 15,000 రూపాయల లోపు ఇంటిపన్నులో సగం మాఫీ అన్నారు. అప్పుడు సభ ఉంది, కానీ మాట వచ్చింది సచివాలయం నుంచే. పాత బకాయిల వడ్డీలో 90 శాతం మాఫీ చేసే పథకాలు కూడా ప్రభుత్వ ఉత్తర్వులతోనే వచ్చాయి. సర్దార్ మహల్ వారసులు ఓ యాభై అయిదేళ్లు ఆగి ఉంటే వాళ్లకూ ఏదో కొంత ఊరట దొరికేదేమో! పన్ను వేయడం చేదు పని, తగ్గించడం తీపి పని. చేదు మాత్రం బల్దియా కౌంటరులో మిగిలింది.

పెద్ద పనుల తీరూ అంతే. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచేసిన తర్వాత నగరాన్ని తిరిగి తీర్చిదిద్దే బాధ్యత బల్దియాకు ఇవ్వలేదు. 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టి దానికిచ్చారు. చార్మినార్ ముంగిట పత్తర్‌గట్టి రాతి కమానులు ఆ బోర్డు చేతి పనే. 1981లో పాతబస్తీ కోసమే కులీ కుతుబ్‌షా పట్టణాభివృద్ధి సంస్థ పుట్టింది. 1989లో మంచినీళ్లు, మురుగు వాటర్ బోర్డుకు వెళ్లాయి. కార్పొరేటర్ ఇంటి ముందుకు వచ్చే ఆడవాళ్లు ఎక్కువగా అడిగేది నల్లా నీళ్ల గురించి, పొంగిన డ్రైనేజీ గురించి. చట్టం ప్రకారం రెండూ ఆయన సభ చేతిలో లేవు. ఆ మాట చెప్పి పంపేస్తే మళ్లీ గెలవడు కనుక బోర్డు ఇంజినీరుకు ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ ఏ మినిట్స్ పుస్తకంలోకీ ఎక్కదు. పాతబస్తీ కార్పొరేటర్ చేసే పనిలో చాలా భాగం ఇలా రాతలో లేని పనే. పురపాలన గురించి తీర్మానాల ఆధారంగా మాత్రమే రాసే పరిశోధకులు ఇక్కడే పొరబడతారు.

అసలు సభే లేని కాలం ఎంత? 1970 నుంచి 1986 దాకా పదహారేళ్లు లేదు. కులీ కుతుబ్‌షా సంస్థ పుట్టింది ఆ ఖాళీలోనే, అది కాకతాళీయం అనుకోను. 1986లో ఎన్నికైన సభలో మజ్లిస్ పార్టీ బలంగా నిలిచింది. 1990ల్లో మళ్లీ చాలా ఏళ్లు ప్రత్యేకాధికారి పాలన. మున్సిపాలిటీలకు అయిదేళ్లకోసారి ఎన్నికలు తప్పనిసరి చేసిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్‌లో అమల్లోకి వచ్చింది, హైదరాబాద్‌కు ఎన్నికలు మాత్రం 2002లో వచ్చాయి. 2007 ఏప్రిల్‌లో పన్నెండు మున్సిపాలిటీలను కలిపి గ్రేటర్ చేశారు, సభ ఏర్పడింది 2009 చివర. 2014 డిసెంబరు నుంచి 2016 ఫిబ్రవరి దాకా ఇంకో ఖాళీ. 1970 నుంచి 2021 వరకు లెక్కేస్తే సభ లేని కాలం సగం కంటే తక్కువ ఉండదు. ఇది ఒక్క హైదరాబాద్ జబ్బు కాదు: బెంగళూరు 2020 సెప్టెంబరు నుంచి, ముంబై 2022 మార్చి నుంచి దాదాపు నాలుగేళ్లు సభ లేకుండానే నడిచాయి. బొంబాయి చట్టం కన్నతల్లి ఊరికే అది తప్పలేదు.

సభ లేనప్పుడు చెత్త బళ్లు ఆగలేదు, లైట్లు ఆరలేదు, జనన పత్రాలు అందాయి. ఇంకా చెప్పాలంటే రోడ్ల పనులు అప్పుడే చకచకా సాగాయనేవాళ్లు అధికారుల్లోనే కాదు, వ్యాపారుల్లోనూ ఉన్నారు. వాళ్ల మాట కొట్టిపారేయలేం. సభ నడిచే తీరు కూడా అంత గర్వించదగ్గదేం కాదు; 2025 జనవరి 30న 8,440 కోట్ల రూపాయల బడ్జెట్ అరుపుల మధ్యే ఆమోదం పొందింది. అంకెల మీద చర్చ జరిగే వ్యవధే లేకపోయింది.

అయితే ఒక తేడా ఉంది. 2014 తర్వాతి ఖాళీలో కమిషనరే ప్రత్యేకాధికారి. ఒక హోదాలో తాను పంపిన ప్రతిపాదనను మరో హోదాలో తానే ఆమోదించాలి. సంతకం రెండు చోట్ల, చెయ్యి ఒకటే. సభ ఉన్నప్పుడు ఎంత గొడవైనా ఎవరో ఒకరు లేచి, ఈ రోడ్డు అంచనా నిరుడు కూడా ఇదే కదా అని అడగగలరు. కమిషనర్ జవాబు చెప్పాలి, జవాబు మినిట్స్‌లోకి ఎక్కాలి. 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మునిగినప్పుడు, ఏటేటా ఆమోదం పొందిన పూడికతీత బిల్లులకు అర్థం ఏమిటని జనం అడిగారు. అడగడానికి వాళ్లకు ఒక మనిషి పేరు, ఒక వార్డు ఉన్నాయి. సభకు మిగిలిన అధికారం ఆ ప్రశ్నే అని నా అభిప్రాయం. చిన్నదే, కానీ దాన్ని మోసే పదవి ఇంకొకటి లేదు.

ఇప్పుడు ఆ ప్రశ్న పడాల్సిన చోటు దారుల్‌షిఫా నుంచి ఫలక్‌నుమా రోడ్డు. ఎంజీబీఎస్ బస్ స్టేషన్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మెట్రోకు 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో శంకుస్థాపన జరిగింది. దారి పొడవునా దాదాపు 1,100 ఆస్తులు తగులుతాయన్నారు. రోడ్డు వంద అడుగులకు వెడల్పవ్వాలి. వందకు పైగా మసీదులు, ఆలయాలు, ఆషుర్‌ఖానాల వంటి కట్టడాలను తప్పిస్తామన్నారు. 2025 జనవరిలో గజానికి 81,000 రూపాయల చొప్పున పరిహారం చెక్కులు ఇవ్వడం మొదలైంది. భూసేకరణ నడిపింది కలెక్టర్ కార్యాలయం, పని మెట్రో సంస్థది. బల్దియాది ఇందులో చిన్న పాత్ర: నంబర్లు, పన్ను రికార్డులు, వంద అడుగులన్న ప్రణాళికలోని గీత.

ఎత్‌బార్ చౌక్ నుంచి షాలిబండ వైపు నడిస్తే గోడల మీద ఎర్ర రంగు కొలతలు కనిపిస్తాయి. కొన్ని కొత్తవి, కొన్ని వెలిసిపోయిన పాతవి. ఒక గాజుల దుకాణం షట్టర్ పక్క గోడ మీద రెండూ పక్కపక్కనే ఉన్నాయి: పాతది గుమ్మం దగ్గర ఆగింది, కొత్తది లోపలి గల్లాపెట్టె దాకా వెళ్లింది. పైన నీలి రేకు మీద ఇంటి నంబరు, దాని పక్కన రెండు బైలు. పరిహారం జాబితాలో ఆ కట్టడం ఒక ఆస్తో మూడో తేల్చేది ఆ గీతలే.