ఇల్లు బేరం: ఇటు కల్దార్, అటు హాలీ

సిరోంచ వైపు పాతకాలంలో ఇల్లు బేరానికి వస్తే ముందు తేల్చుకోవలసింది ఒకటుండేది. చెప్పిన ధర ఏ రూపాయల్లో? ఇప్పటి పిల్లలకు ఇది వింతగా తోస్తుంది. రూపాయంటే రూపాయే కదా అంటారు. మన తాతల కాలంలో ప్రాణహితకు అటు ఒక రూపాయి, ఇటు ఒక రూపాయి నడిచేవి.

దీనికి కారణం తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలె. సిరోంచ 1860 దాకా నిజాం రాజ్యంలోదే. ఆ ఏడు జరిగిన ఒప్పందంతో గోదావరి ఎడమ గట్టు ఇంగ్లీషోళ్ల చేతికి పోయింది. వాళ్లు ఎగువ గోదావరి జిల్లా అని ఒకటి పెట్టి సిరోంచను దానికి కేంద్రం చేశారు. అది ఎక్కువ కాలం నిలవలేదు. 1874లో జిల్లాను ఎత్తేసి ఈ ప్రాంతాన్ని చాందా జిల్లాలో కలిపారు, భద్రాచలం వైపు తాలూకాలు మద్రాసుకు పోయాయి. సరిహద్దు మారినా చుట్టరికాలు మారలేదు. చెన్నూరు, మహదేవపూర్, మంథని నుంచి పిల్లను తెచ్చుకోవడం, ఇచ్చుకోవడం ఎప్పటిలాగే నడిచింది. ఇల్లు కొనడానికి డబ్బు సాయం కూడా చాలాసార్లు అటు గట్టు నుంచే పడవెక్కి వచ్చేది.

ఆ డబ్బు హాలీ సిక్కా. ఇక్కడ చెల్లేది కల్దార్, అంటే యంత్రం మీద అచ్చు కొట్టిన బ్రిటిష్ రూపాయి. 116 హాలీ రూపాయల పైచిలుకుకు 100 కల్దార్ల లెక్క. అంటే అటునుంచి బావమరిది 350 తెచ్చినా, ఇక్కడ అది 300 కిందే లెక్క. ఆ రోజుల్లో 50 రూపాయలు చిన్న మాట కాదు. బేరం ఒక రూపాయిలో కుదిరి, డబ్బు ఇంకో రూపాయిలో చేతికొస్తే నడుమ పెద్దమనుషులు తల పట్టుకునేది. పెండ్లిళ్లలో నూట పదహార్లు చదివించే ఆచారం ఈ మారకం లెక్క నుంచే వచ్చిందని చాలామంది అంటారు. నాకైతే అంత నమ్మకం లేదు, నిజాం రూపాయి ఎన్నడూ చూడని కోస్తా ఊళ్లలోనూ నూట పదహార్లే కదా ఇస్తారు. 1950లలో హాలీ పూర్తిగా చెల్లకుండా పోయింది, ఆ తకరారు తీరింది.

రెండో తకరారు ఇంతకంటె లోతైనది. అమ్ముతున్నది ఏమిటి?

సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఊరి ఇంటి స్థలం చాలాచోట్ల ఇంట్లో ఉండేవాడిది కాదు, ఊరి యజమానిది. మన వైపు పెద్ద యజమాని అహేరి జమీందారు. చాందా జిల్లాలో అంతకు మించిన జమీందారీ లేదు. సాగుచేసే రైతుకు గావ్‌ఠాణలో ఇల్లు కట్టుకునే జాగ దొరికేది గాని, ఊరు విడిచిపోయేటప్పుడు ఆ జాగను అమ్ముకునే హక్కు వేరే సంగతి. వాడు అమ్ముకోగలిగింది మలబా. అంటే కర్ర, పెంకు, దర్వాజ, చౌకట్టు. మట్టి గోడకు ధర ఎవరు కడతారు? అందుకే మా పెద్దోళ్లు ఇంటి ముచ్చట చెప్పేటప్పుడు అర్రలు ఎన్నని చెప్పరు, దూలాలు ఎన్నని చెప్తారు. "నాలుగు టేకు దూలాలు, గూన పెంకు, రెండు దర్వాజలు" అంటే ఇంటి విలువ మొత్తం వచ్చేసినట్టే. తర్వాత బెంగళూరు పెంకులు వచ్చినంక వాటికి ధర ఎక్కువ పలికేది. విప్పి ఇంకోచోట వేసుకోవచ్చు మరి.

టేకు పుట్టిల్లు ఆలపల్లి అడవి పక్కనే ఉన్నా, కర్ర ఊరికే దొరికేది అనుకోవద్దు. నిస్తార్ కింద ఊరోళ్లు తెచ్చుకునే కర్ర సొంత వాడకానికే, అమ్మకానికి కాదు. పాత ఇల్లయితే ఎవరూ అడగరు. కొత్తగా కట్టిన ఇల్లు ఏడాది తిరగకముందే అమ్మకానికి వచ్చిందంటే మాత్రం కొనేవాడు ముందు అడిగేది, "కర్రకు పాసు ఉన్నదా?" అని. పాసు లేకపోతే ధర దిగేది. ఆ దిగిన ధరలో లాభం ఉందా, అటవీ శాఖ వాళ్లతో గొడవ ఉందా అన్నది కొనేవాడి గుండె ధైర్యం.

1882 ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం 100 రూపాయలు, ఆపైన విలువ ఉన్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కాగితం మీదనే జరగాలి. అంతకు తక్కువైతే స్వాధీనం చేస్తే చాలు. అందుకే దేశంలో చాలాచోట్ల 99 రూపాయల అమ్మకాలు కనబడతాయి. జమీందారీల రద్దు 1950 చట్టంతో వచ్చి, 1951లో అమలైంది. అప్పటి నుంచి యజమాని స్థానంలోకి సర్కారు వచ్చింది. ఊళ్లో ఇల్లున్నవాడికి ఆ ఇల్లు, దాని జాగ నిలబడ్డాయి. మలబా బేరం జాగ బేరంగా మారడం అక్కడ మొదలైందని నా లెక్క.

ఇక ముల్చేర. ఇది చిన్న తాలూకా. దండకారణ్య పథకం నాటి నుంచి తూర్పు బెంగాల్ కాందిశీకులు ఈ చుట్టుపక్కల స్థిరపడ్డారు. గోండులు, మరాఠీలు, బెంగాలీలు, మనవాళ్లు అందరూ ఒకే సంతలో కలుస్తారు. ఆఫీసులు వచ్చినంక ఉద్యోగస్తులు వచ్చారు, వాళ్లకోసం కట్టి అమ్మే ఇండ్లు వచ్చాయి.

ఈ మధ్య మన కుటుంబంలో ఒక అల్లుడు అక్కడ కొత్త ఇల్లు బేరం చేశాడు. రెండు గుంటల జాగ, పైన స్లాబు ఇల్లు. అమ్మే ఆయన దగ్గర దగ్గర 16 లక్షలు అన్నాడు. జాగకు 5 లక్షలు, కట్టడం 720 చదరపు ఫీట్లు, ఫీటుకు 1,500 అని లెక్క చెప్పాడు. మంచిర్యాల నుంచి వచ్చిన మామ గజాల్లో తప్ప ఆలోచించడు. "రెండు గుంటలంటే 242 గజాలు, గజం రెండు వేల పైన పడుతున్నది, ఇక్కడ అంతుంటదా?" అని మొదలుపెట్టాడు. ఇసుక లెక్క వచ్చేసరికి అమ్మే ఆయన బ్రాసుల్లో చెప్తుంటే మామ ట్రాక్టర్ ట్రిప్పుల్లో అడిగాడు. బ్రాసంటే 100 ఘనపు ఫీట్లు అని మా అక్క చెప్పాక గాని సంభాషణ ముందుకు సాగలేదు.

పని చేసింది మాటలు కాదు, టేపు. అల్లుడు గోడల బయటి నుంచి కొలిచి చూస్తే 640 ఫీట్లే వచ్చాయి. మిగతా 80 సజ్జలు, మెట్లు కలిపి చెప్పిన లెక్క. 80 ఫీట్లంటే లక్షా ఇరవై వేలు. "అన్నా, సజ్జ కింద ఎవరు పండుకుంటరు?" అని నవ్వుకుంటూనే అడిగితే ఆయనా నవ్వాడు. 14 లక్షల దగ్గర మాట ఆగింది.

బయానా ఇచ్చే ముందు సాత్‌బారా తీశారు. అందులో భోగవటాదార్ వర్గ 2 అని ఉంది. సర్కారు ఇచ్చిన భూమి అది, కలెక్టరు అనుమతి లేనిదే అమ్మరాదు. గ్రామపంచాయతీ నమూనా 8లో అమ్మే ఆయన పేరు చక్కగా ఉంది గాని, అది ఇంటిపన్ను పట్టీ, హక్కు కాగితం కాదు. మన వైపు ఇంకో సంగతి కూడా చూసుకోవాలె. ఆదివాసీ పేరున్న భూమి ఆదివాసీయేతరులకు కలెక్టరు అనుమతి లేకుండా మారదు. 1957 ఏప్రిల్ 1 నుంచి 1974 జులై 6 మధ్య అట్లా చేతులు మారిన భూములను తిరిగి ఇప్పించడానికి ప్రత్యేక చట్టమే చేశారు. చౌకగా వస్తున్నదని ఎగబడే ఇల్లు ఎవరి జాగలో ఉందో అడగకపోవడం ఆ జాగ అసలు మనిషికీ, మన డబ్బుకూ రెండింటికీ అన్యాయమే.

ఈ ఇల్లు ఆదివాసీ భూమిలో లేదు, వర్గ 2 చిక్కు ఒక్కటే. అమ్మే ఆయన "అందరూ ఇట్లనే కొంటున్నరు, స్టాంపు కాగితం రాసుకుందాం" అన్నాడు. మామ ఒప్పుకోలేదు. 50 వేలు బయానా, ఇసారాపత్రంలో అనుమతి తెచ్చే బాధ్యత, ఖర్చు అమ్మేవాడివి, రాకపోతే బయానా వాపసు అని రాయించాడు. బేరమంతా తెలుగులో జరిగింది, కాగితం మరాఠీలో. రాసినాయన చదువుతుంటే అక్క ఒక్కో వాక్యం తెలుగులో తిప్పి చెప్పింది. "ఖర్చు అమ్మేవాడిది" అన్న ముక్క కాగితంలో లేదని అప్పుడే బయటపడింది. మళ్లీ రాయించి సంతకాలు పెట్టారు. మిగతా 13 లక్షల 50 వేలు అనుమతి వచ్చేదాకా అల్లుడి ఖాతాలోనే ఉంటాయి.